సైన్స్ ఉపాధ్యాయుల డిజిటల్ సుముఖత: పాఠం పాఠానికీ వేరే జవాబు

సైన్స్ ఉపాధ్యాయులు తరగతి గదిలో డిజిటల్ సాధనాలను వాడటానికి ఎంతవరకు సుముఖంగా ఉన్నారో తెలుసుకోవడానికి మీరొక ప్రశ్నావళి తయారుచేసి పంచారనీ, ‘సాంకేతికత వల్ల సైన్స్ బోధన మెరుగుపడుతుంది’ అన్న వాక్యం పక్కన దాదాపు అందరూ ‘పూర్తిగా అంగీకరిస్తాను’ అని టిక్కు పెట్టారనీ, తీరా ఆ బడులకు వెళ్లి చూస్తే ప్రొజెక్టర్ మీద కప్పిన గుడ్డ కప్పినట్టే ఉందనీ, సెన్సర్ల పెట్టెకు వేసిన టేపు కూడా ఊడలేదనీ రాశారు. ఉపాధ్యాయులు మొహమాటానికి అబద్ధం చెప్పారా, లేక ప్రశ్నావళిలోనే లోపం ఉందా అన్నది మీ సందేహం. ఇరవై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పి, ఆ తరువాత ఉపాధ్యాయ శిక్షణలోకి వచ్చినవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

వారు అబద్ధం చెప్పలేదనే నేను అనుకుంటున్నాను. మీ వాక్యం ఒక సాధారణ అభిప్రాయం అడిగింది, వారు సాధారణ అభిప్రాయమే చెప్పారు. వ్యాయామం ఒంటికి మంచిదేనా అంటే ఎవరు మాత్రం కాదంటారు? రేపు తెల్లవారుజామున లేచి నడుస్తారా అన్నది వేరే ప్రశ్న. సైన్స్ ఉపాధ్యాయుడి విషయంలో ఈ రెండో ప్రశ్న మరికొంత చిక్కుగా ఉంటుంది: ఫలానా పాఠానికి, ఫలానా పిల్లలతో, చేతిలో ఉన్న నలభై అయిదు నిమిషాల్లో, ఈ సాధనం తెస్తే నా పాఠం బాగుపడుతుందా, చెడుతుందా? పాఠం మారినప్పుడల్లా దీనికి జవాబు మారుతుంది. గ్రహణాల పాఠానికి ఉత్సాహంగా ల్యాప్‌టాప్ తెరిచిన ఉపాధ్యాయినే మరుసటి వారం టైట్రేషన్ (క్షారాన్ని చుక్కచుక్కగా కలిపి ఆమ్లం గాఢత కొలిచే ప్రయోగం) రోజున దాన్ని బల్ల దరిదాపులకు రానివ్వరు. ఆ రెండు నిర్ణయాలూ సబబైనవే కావచ్చు. మీ ప్రశ్నావళి మాత్రం ఆ రెండు రోజులనూ కలిపి సగటు కట్టి, ఆమె పేరు పక్కన ఒకే ఒక అంకె వేసింది.

ఈ ఇబ్బంది మీ ఒక్కరిది కాదు. సుముఖత మీద రాసే సిద్ధాంత వ్యాసాల్లో చాలావాటికి ఆధారం 1989లో ఫ్రెడ్ డేవిస్ ప్రచురించిన సాంకేతికత ఆమోద నమూనా, అందరూ టామ్ అని పిలిచేది. ఒక సాధనం తన పనికి ఉపయోగపడుతుందన్న నమ్మకం, దాన్ని వాడటం తేలికేనన్న నమ్మకం, ఈ రెండింటిని బట్టే మనిషి దాన్ని వాడతాడో లేదో చాలావరకు చెప్పవచ్చని ఆయన చూపించారు. రెండింటిలోనూ ఉపయోగం మీది నమ్మకానికే వాడకంతో గట్టి సంబంధం కనిపించింది. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, డేవిస్, మరి ఇద్దరు కలిసి ఇలాంటి నమూనాలు ఎనిమిదింటిని ఒకచోట చేర్చి, తోటివారి ప్రభావాన్నీ, చుట్టూ ఉన్న వసతులనూ కూడా లెక్కలోకి తెచ్చారు. మంచి నమూనాలే, కాదనను. కానీ డేవిస్ దృష్టిలో ఉన్నది ఈమెయిలూ, ఫైళ్లు దిద్దే సాఫ్ట్‌వేరూ వాడే ఉద్యోగి. అతడు తన బల్ల దగ్గర కూర్చుని, తన పనికోసం, తనకు కుదిరిన వేళ వాడుకుంటాడు. యంత్రం మొరాయిస్తే లేచి మంచినీళ్లు తాగి వస్తాడు. ఉపాధ్యాయుడికి ఆ వెసులుబాటు లేదు. తాను వాడేది తనకోసం కాదు, ఎదురుగా కూర్చున్న నలభైమంది కోసం. గంట కొట్టేలోగా పాఠం ఒక కొలిక్కి రావాలి. యంత్రం మొరాయిస్తే ఆ నలభైమందీ చూస్తూనే ఉంటారు. అందువల్ల ‘ఉపయోగకరం’ అన్న మాట ఉద్యోగి నోట ఒక అర్థంలో వస్తుంది, ఉపాధ్యాయుడి నోట మరో అర్థంలో వస్తుంది, మనం మాత్రం ఇద్దరికీ ఒకే వాక్యం ఇచ్చి టిక్కు పెట్టమంటాం.

సైన్స్ విషయంలో ఉపయోగం అంటే ఏమిటో కాస్త విడమరచి చూడాలి, ఎందుకంటే మిగతా సబ్జెక్టులకు లేని ఒక మెలిక ఇక్కడ ఉంది. చరిత్ర ఉపాధ్యాయుడు వీడియో చూపిస్తే, ఆ వీడియో లేకపోతే అక్కడ ఉండేది మాటలే. సైన్స్ ఉపాధ్యాయుడు తెర చూపిస్తే, ఆ తెర స్థానంలో అసలు వస్తువే ఉండే అవకాశం ఉంది: అయస్కాంతం, ఆకు, ఆమ్లం, లోలకం. అసలుది చేతికి అందుతుండగా బొమ్మ ఎందుకని మంచి సైన్స్ ఉపాధ్యాయుడు అడుగుతాడు, అడగాలి కూడా. దీన్ని వ్యతిరేకత కింద జమకట్టే ప్రశ్నావళులు నేను చాలా చూశాను.

అసలు వస్తువు చూపించలేనిది ఎక్కడ మొదలవుతుందో అక్కడ డిజిటల్ సాధనం నిజంగా పనికొస్తుంది. అతి వేగంగా జరిగేవి, అతి నెమ్మదిగా జరిగేవి, కంటికి ఆననంత చిన్నవి, చూపు చాలనంత పెద్దవి, తరగతిలో చేస్తే ప్రమాదమైనవి. రసాయనశాస్త్రంలో మనం మూడు స్థాయుల్లో ఒకేసారి మాట్లాడతామని అలెక్స్ జాన్‌స్టన్ 1991లో చెప్పారు: కంటికి కనిపించే పదార్థం, కనిపించని కణాలు, కాగితం మీది సంకేతాలు. పిల్లలు తడబడేది మధ్యదాని దగ్గరే. ఉప్పు నీటిలో కరగడం బీకరులో అందరూ చూస్తారు, సమీకరణం బోర్డు మీద అందరూ రాసుకుంటారు, నీటి అణువులు ఒక్కో అయాన్‌ను చుట్టుముట్టి లాక్కుపోవడం మాత్రం చక్కటి యానిమేషన్ లేకపోతే ఉపాధ్యాయుడి చేతివేళ్ల అభినయంగానే మిగిలిపోతుంది. ఇక్కడ ఏ రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడికీ సుముఖత గురించి ఉపన్యాసం అవసరం లేదు, ఒక్కసారి చూపిస్తే తానే అడిగి తీసుకుంటాడు.

భౌతికశాస్త్రం నుంచి ఒక ఉదాహరణను దగ్గరగా చూపిస్తాను. దూరం-కాలం గ్రాఫ్ పాఠంలో పిల్లలు చేసే పొరపాటు ఒకటే, ఏ తరగతిలోనైనా అదే: గీత పైకి పోతే మనిషి కొండ ఎక్కుతున్నాడంటారు, గీత అడ్డంగా ఉంటే చదును నేల మీద నడుస్తున్నాడంటారు. ఎన్ని లెక్కలు చేయించినా ఆ బొమ్మ తలలోంచి పోదు. మా దగ్గర పనిచేసిన ఒక సీనియర్ ఉపాధ్యాయుడు, రెండేళ్లపాటు ఏ పరికరాన్నీ ముట్టుకోనివారు, ఒకసారి నా మాట కాదనలేక ధ్వనితరంగాలతో దూరం కొలిచే మోషన్ సెన్సర్‌ను బల్ల అంచున పెట్టి, దాని ముందు ఒక అబ్బాయిని నడవమన్నారు. అబ్బాయి వెనక్కి నడుస్తుంటే తెర మీద గీత లేచింది. ఆగాడు. ఆగిన క్షణాన గీత అడ్డంగా సాగుతూ పోయింది. ‘నేను కదలకుండా నిలబడ్డా అది ఎందుకు పోతోంది సార్?’ అన్నాడు. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి ‘నువ్వు ఆగావు, టైము ఆగదుగా’ అంది. ఆ ఉపాధ్యాయుడు అప్పటికి పదిహేనేళ్లుగా ఆ మాట తానే చెబుతూ వస్తున్నారు, మొదటిసారి అది పిల్లల నోట విన్నారు. తరువాతి నెలలో సెన్సర్ పెట్టె తాళంచెవి ఆయన జేబులోనే ఉండేది.

ఈ ఉదాహరణలో సాంకేతికత చేసిన పని చాలా చిన్నది, నడకకూ గీతకూ మధ్య కాలవ్యవధి లేకుండా చేయడం. ఆ చిన్నదే కీలకమని హెదర్ బ్రాసెల్ 1987లో ప్రచురించిన పరిశోధన చెబుతుంది. కదలికతోపాటే గ్రాఫ్ కనిపించిన విద్యార్థులు బాగా నేర్చుకున్నారు. అదే గ్రాఫ్‌ను ఇరవై సెకన్లకు కాస్త అటూ ఇటూగా ఆలస్యం చేసి చూపినప్పుడు ఆ లాభంలో అధికభాగం కరిగిపోయింది. అంటే పరికరం ఉందా లేదా అన్నదానికంటే, అది పాఠంలో ఏ క్షణాన ఏమి చేస్తోందన్నదే ముఖ్యం. ఇంత సూక్ష్మంగా ఆలోచించే అవకాశం మన శిక్షణ తరగతుల్లో ఎవరికి దొరుకుతోంది?

ఇప్పుడు వద్దనడమే సరైన చోట్లు. ఫినాఫ్తలీన్ వేసిన ఆమ్ల ద్రావణంలోకి బ్యూరెట్ నుంచి క్షారాన్ని చుక్కచుక్కగా వదులుతున్నప్పుడు, గులాబీ రంగు మెరిసి మాయమవడం, మళ్లీ మెరవడం, చివరికి ఒక్క చుక్కతో నిలిచిపోవడం, ఆ ఒక్క చుక్కను ఆపగల వేళ్ల నేర్పు రావడం తెర మీద జరగవు. ఉల్లిపొరను మడత పడకుండా స్లైడు మీద పరచి, సూక్ష్మదర్శినిలో మొదట గాలి బుడగను కణమనుకుని మోసపోవడం కూడా చదువులో భాగమే. ఇలాంటి పాఠాలకు వర్చువల్ ల్యాబ్ చాలని ఎవరైనా అంటే ప్రతిఘటించే ఉపాధ్యాయుడి పక్షాన నేను నిలబడతాను. అయితే దీన్నే సూత్రంగా పట్టుకుని కూర్చోకూడదు. విద్యుత్ వలయాల విషయంలో నా అంచనా తప్పింది. నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లలో, అంటే ప్రయోగాన్ని కంప్యూటర్ తెర మీద అనుకరించే సాధనాల్లో, వలయాలు కట్టే కిట్ ఒకటుంది. నోవా ఫింకెల్‌స్టైన్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఆ కిట్‌తో నేర్చుకున్న విద్యార్థులు నిజమైన తీగలూ బల్బులతో నేర్చుకున్నవారికంటే భావనల పరీక్షలోనే కాక, నిజమైన వలయాన్ని కట్టి వివరించడంలోనూ మెరుగ్గా కనిపించారు. ఆలోచిస్తే కారణం కనిపిస్తుంది. సిమ్యులేషన్‌లో ఎలక్ట్రాన్లు కదలడం కంటికి కనబడుతుంది, లూజు కాంటాక్టు ఉండదు, అయిపోయిన బ్యాటరీ ఉండదు. మా ల్యాబులో పీరియడ్‌లో సగం సేపు పిల్లలు వెతికేది ఓమ్ నియమాన్ని కాదు, వెలగని బల్బును.

కాబట్టి ఏ ఉపాధ్యాయుడినైనా ‘మీరు సాంకేతికతకు అనుకూలమా’ అని అడగడం కన్నా, ‘మీ సిలబస్‌లో ఏ మూడు పాఠాలకు తెర కావాలి, ఏ మూడింటికి వద్దేవద్దు, ఎందుకు’ అని అడగడం మేలు. మొదటి ప్రశ్నకు మర్యాద జవాబుగా వస్తుంది. రెండోదానికి ఆయన విషయ పరిజ్ఞానం బయటపడుతుంది. ‘అన్నింటికీ కావాలి’ అన్నవారిని నేను ‘వేటికీ వద్దు’ అన్నవారికంటే ఎక్కువగా అనుమానిస్తాను.

తరువాతిది కాలం. పరిశోధకులు ‘సమయాభావం’ అని ఒక్క ముక్కలో రాసి దాటిపోతారు, దాన్ని నిమిషాల్లోకి మార్చి చూస్తేగానీ బరువు తెలియదు. పీరియడ్ నలభై అయిదు నిమిషాలు. పిల్లలు కుదురుకోవడం, హాజరు, అయిదు నిమిషాలు. టాబ్లెట్లు పంచడం నాలుగు నిమిషాలు. పాస్‌వర్డ్ మరిచిపోయినవారు, చార్జింగ్ లేనివి, పేజీ తెరుచుకోనివి, మరో ఏడెనిమిది. చివర్లో తిరిగి లెక్కపెట్టి తీసుకోవడం నాలుగు. పాఠానికి మిగిలింది పాతిక నిమిషాలకు మించదు. అదే పాఠాన్ని సుద్దముక్కతో చెబితే నలభై నిమిషాలు దొరుకుతాయి. తెర మీది పాతిక నిమిషాలు సుద్దముక్క నలభై నిమిషాలకంటే విలువైనవని రుజువయ్యేదాకా ఉపాధ్యాయుడు సుద్దముక్కే పట్టుకుంటాడు, ఇందులో బద్ధకం ఏమీ లేదు.

ఈ లెక్కలో చేరని ఖర్చు మరొకటుంది, అది పరువు. నా ఉద్యోగంలో తొలినాళ్లలో ఒకసారి, తనిఖీకి వచ్చినవారు వెనక కుర్చీల్లో కూర్చుని ఉండగా, కాంతి వక్రీభవనం మీద ఎంతో శ్రమపడి తయారుచేసుకున్న పాఠం మొదలుపెట్టాను. కంప్యూటర్ తనంతట తాను అప్‌డేట్ మొదలుపెట్టింది. తెర మీద గుండ్రంగా చుక్కలు తిరుగుతున్నాయి, కింద శాతం అంకె, అది పన్నెండు దగ్గర ఆగిపోయింది. పిల్లలు మొదట ఆసక్తిగా చూశారు, తరువాత గుసగుసలాడారు, ఆ తరువాత ఎవరో పదమూడు ఎప్పుడొస్తుందని పందెం కాశారు. నేను గాజు గ్లాసులో నీళ్లు పోసి పెన్సిల్ ముంచి పాఠం చెప్పాను, నిజానికి ఆ పాఠం బాగానే వచ్చింది. అయినా ఆ తరువాత ఏడాదిపాటు నేను ఆ గదిలోకి కంప్యూటర్ తీసుకెళ్లలేదు. ఆ ఏడాది ఎవరైనా ప్రశ్నావళి ఇచ్చి ఉంటే, సాంకేతికత ఉపయోగకరమేనని నేనూ నిండుమనసుతో టిక్కు పెట్టేవాడిని.

కొత్త పద్ధతిని ఎదుర్కొనే ఉపాధ్యాయుడి చింత ఒక వరసలో నడుస్తుందని 1970లలో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జీన్ హాల్, ఆయన సహచరులు గమనించారు. మొదట ‘నా సంగతేమిటి, నేను నెగ్గుకురాగలనా’ అన్న చింత, తరువాత పనిని ఎలా సంబాళించాలన్న చింత, ఆ రెండూ తీరాకే ‘పిల్లలకు దీనివల్ల ఏమి ఒరుగుతోంది’ అన్న ఆలోచన. శిక్షకులు సాధారణంగా మూడోదానితో మొదలుపెడతారు. విద్యార్థుల అభ్యసన ఫలితాల గురించి స్లైడు మీద స్లైడు చూపిస్తారు. వింటున్నవారి మనసు మాత్రం ఇంకా మొదటి మెట్టు మీదే ఉంటుంది: ఇది మధ్యలో ఆగిపోతే పిల్లల ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

బయటి అడ్డంకుల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అవి అందరికీ తెలిసినవే. పెగ్గీ ఎర్ట్‌మర్ 1999లో వీటిని రెండు వర్గాలు చేశారు: పరికరాలు, సమయం, శిక్షణ, సాయం లేకపోవడం వంటి బయటి అడ్డంకులు మొదటివి, బోధన మీదా అభ్యసన మీదా ఉపాధ్యాయుడికి ఉన్న నమ్మకాలు రెండోవి. వసతులన్నీ సమకూరినా నమ్మకాలు అడ్డుపడవచ్చన్నది ఆమె వాదన. నా అనుభవంలో ఈ రెండింటి మధ్య ఎవరూ పట్టించుకోని మూడో రకం ఉంది. పరికరం ఉంది, ఉపాధ్యాయుడికి ఇష్టమూ ఉంది, కానీ అది ఆఫీసు బీరువాలో ఉంది. తాళం ఒకరి దగ్గర, రిజిస్టరు మరొకరి దగ్గర. తీసుకున్నవారు సంతకం పెట్టాలి, పాడైతే జవాబు చెప్పుకోవాలి. సైన్స్ పరికరం వాడితే పాడవుతుంది, అది దాని ధర్మం. బీకర్లు పగులుతాయి, థర్మామీటర్లు విరుగుతాయి, దానికి ల్యాబు రిజిస్టరులో ‘వాడకంలో పోయినవి’ అనే పద్దు ఉంటుంది. టాబ్లెట్‌కు అలాంటి పద్దు పెట్టిన బడిలో వాడకం తేడా కళ్లకు కనిపిస్తుంది. మీ ప్రశ్నావళిలో ఈ ఒక్క ప్రశ్న చేర్చండి: ‘పాఠం మధ్యలో ఈ పరికరం పాడైతే ఎవరు బాధ్యత వహించాలి?’

శిక్షణ సంగతికి వస్తే, బటన్లు నేర్పే శిక్షణ వల్ల సుముఖత పెరగడం నేను చూడలేదు. ఒక పూట స్మార్ట్ బోర్డు మీద గీతలు గీయడం, రంగులు మార్చడం, ఫైలు దాచడం నేర్పి పంపిస్తే, ఉపాధ్యాయుడు అవి నేర్చుకుని మరిచిపోతాడు. లీ షుల్మన్ 1986లో చెప్పిన సంగతి, అంటే విషయం తెలియడం వేరు, బోధన తెలియడం వేరు, ఆ విషయాన్ని బోధించడం తెలియడం ఈ రెండింటికీ భిన్నమైన మూడో జ్ఞానం అన్నది, మంచి ఉపాధ్యాయులందరికీ ఒంటబట్టిన సంగతే. 2006లో పుణ్య మిశ్రా, మాథ్యూ కోహ్లర్ దానికి సాంకేతికతను జోడించి టీప్యాక్ అనే చట్రాన్ని ఇచ్చారు. ఆ చట్రపు బొమ్మలో విషయం, బోధన, సాంకేతికత అనే మూడు వలయాలను బోర్డు మీద గీసి వివరించే శిక్షణలు కొల్లలు, మూడు వలయాలూ కలిసే చోట ఒక్క పాఠాన్నయినా పెట్టి చూపించే శిక్షణలు అరుదు.

అలాంటి ఒక పాఠం ఎలా ఉంటుందో చెబుతాను. ఒక చిన్న బంతిని ఛాతీ ఎత్తు నుంచి, అంటే సుమారు 1.25 మీటర్ల నుంచి, గోడ పక్కన వదలండి. గోడకు నిలువుగా కొలత టేపు అంటించి ఉంచండి. నేలను తాకడానికి అర సెకను పడుతుంది, కన్ను ఏమీ పట్టుకోలేదు. మామూలు ఫోను సెకనుకు 30 బొమ్మల చొప్పున తీస్తే ఆ అర సెకనులో 15 బొమ్మలు వస్తాయి. ప్రతి మూడో బొమ్మ దగ్గర ఆపి, బంతి ఎక్కడుందో పిల్లల చేతే రాయించండి. పదో వంతు సెకనుకొకసారి బంతి దాటే దూరాలు సుమారుగా 4.9, 14.7, 24.5, 34.3, 44.1 సెంటీమీటర్లు. మొదటిదానితో మిగతావాటిని భాగించమంటే 1, 3, 5, 7, 9 వస్తాయి, గెలీలియో కనుగొన్న బేసి సంఖ్యల వరస. కొలతలో తప్పులుంటాయి, మొదటి బొమ్మలో బంతి అప్పుడే వదిలారో కాదో తేల్చలేక వాదన జరుగుతుంది, ఆ వాదన కూడా భౌతికశాస్త్రమే. దీనికి ఇంటర్నెట్ అక్కరలేదు, లాగిన్ అక్కరలేదు, కావలసింది ఒక్క ఫోను. శిక్షణకు వచ్చిన ఉపాధ్యాయుల చేత దీన్నొకసారి చేయిస్తే, ‘మాకు తెలియని టెక్నాలజీ’ అన్న మాట మళ్లీ వినపడదు. ఆచెన్ విశ్వవిద్యాలయంలో తయారై 2016 నుంచి అందుబాటులో ఉన్న ఫైఫాక్స్ యాప్‌తో ఫోనులోని త్వరణ సెన్సరును, మైకును కూడా ఇలాగే కొలత పరికరాలుగా మార్చుకోవచ్చు. తన ఫోను ఒక ప్రయోగశాల అని తెలిసిన సైన్స్ ఉపాధ్యాయుడి కళ్లల్లో వెలుగు వేరుగా ఉంటుంది.

ఇక్కడే టామ్ వంటి నమూనాలన్నిటితో నాకున్న అసలు పేచీ. అవన్నీ ముందు వైఖరి, దాని వెనక వాడకం అని బాణం గీస్తాయి. థామస్ గస్కీ 1986లో ఆ బాణాన్ని తిప్పి చూపించారు: ఉపాధ్యాయుడు ముందు పద్ధతిని మారుస్తాడు, పిల్లల్లో ఫలితం కళ్లారా చూస్తాడు, ఆ తరువాతే అతని నమ్మకం మారుతుంది. మోషన్ సెన్సర్ ముట్టని మా సీనియర్ విషయంలో జరిగింది అక్షరాలా అదే. నా మాట కాదనలేక చేశారే తప్ప సుముఖతతో చేయలేదు, సుముఖత ఆ అమ్మాయి జవాబుతో వచ్చింది. అలాంటప్పుడు వాడకానికి ముందే సుముఖతను కొలిచి, తక్కువ వచ్చినవారిని వదిలేయడం తలకిందుల పని.

అలాగని బలవంతం చేస్తే నమ్మకం పుడుతుందనుకోవద్దు. 2020లో బడులు మూతపడినప్పుడు ప్రపంచమంతటా 150 కోట్లకు పైగా విద్యార్థుల చదువుకు అంతరాయం కలిగింది, ఉపాధ్యాయులు వారాల వ్యవధిలో తెర ముందుకు రావలసివచ్చింది. కొత్తలో దాన్ని మహాపరివర్తన అన్నారు. తలుపులు తెరుచుకున్నాక నేను చూసిన చాలామంది సైన్స్ ఉపాధ్యాయులు ఊపిరి పీల్చుకుని ల్యాబులోకి వెళ్లిపోయారు. రెండేళ్లు వీడియోలో ప్రయోగం చూపించి, పిల్లల చేత ఒక్క పరీక్షనాళిక కూడా పట్టించలేకపోయిన ఉపాధ్యాయుడికి తెర అంటే మొహం మొత్తడంలో వింత లేదు. గస్కీ చెప్పిన మార్పుకు పిల్లల్లో ఫలితం కనబడాలి, ఆ రోజుల్లో చాలామందికి కనబడింది ఆపేసిన కెమెరాల నల్లటి గడులే.

వయసు గురించి మీరు వేసిన పట్టిక చూశాను. యాభై దాటినవారి సుముఖత తక్కువని తేల్చారు. తొందరపడవద్దు. చిన్నవయసు ఉపాధ్యాయులకు ఫోను వేళ్ల మీద ఆడుతుంది, నిజమే, కానీ తరగతి ఇంకా పట్టుబడదు, అందువల్ల పాఠంలోకి అదనపు సాధనం తేవడానికి భయపడతారు. అనుభవజ్ఞులకు పరికరం కొత్త, తరగతి పాత. పరికరం సంగతి ఒక విద్యార్థికి అప్పగించి, పాఠం తాము నడిపించగలరు. కొత్తదాన్ని ఎవరు ఎంత త్వరగా అందుకుంటారన్నదాన్ని బట్టి ఎవెరెట్ రోజర్స్ 1962లో ఇచ్చిన వర్గీకరణలో చివరి 16 శాతం మందికి ‘వెనకబడినవారు’ అనే పేరు పడింది. కొత్తదంతా మంచిదేనన్న పక్షపాతం, అందుకోనివారిదే తప్పనే ధోరణి ఈ రంగపు పరిశోధనలో ఉన్నాయని రోజర్స్ తన తరువాతి రాతల్లో తానే హెచ్చరించారు. ఆ హెచ్చరికను ఎవరూ ఉటంకించరు, శాతాల బొమ్మను అందరూ ఉటంకిస్తారు. 1913లో థామస్ ఎడిసన్ పాఠ్యపుస్తకాలు త్వరలో మూలపడతాయని, చలనచిత్రాలే చదువు చెబుతాయని జోస్యం చెప్పినప్పుడు నమ్మని ఉపాధ్యాయులను కూడా ఆనాడు వెనకబడినవారనే అని ఉంటారు.

పరీక్షల గురించి ఒక్క మాట చాలు. పరీక్షలో నిర్వచనం, పటం, భాగాల పేర్లు అడిగినంతకాలం, సిమ్యులేషన్‌తో గడిపిన పీరియడ్‌ను ఉపాధ్యాయుడు అప్పుగా లెక్కవేసుకుంటాడు. దీన్ని ఉపాధ్యాయుడి వైఖరి ఖాతాలో వేయకండి.

కృత్రిమ మేధ గురించి కూడా అడిగారు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ఒక విచిత్రం గమనిస్తున్నాను. తరగతిలో ప్రొజెక్టర్ వేయని ఉపాధ్యాయులు ఇంట్లో ప్రశ్నపత్రాలకూ, పాఠ్య ప్రణాళికలకూ దీన్ని నిస్సంకోచంగా వాడుతున్నారు. ఇంట్లో చూసేవారు లేరు, గంట కొట్టేవారు లేరు, తప్పు వస్తే దిద్దుకునే వ్యవధి ఉంది. సైన్స్ ఉపాధ్యాయుడు ఆ తప్పులను పట్టుకోగలడు కూడా. ఇదే మనిషి తరగతిలో పిల్లలకు దాన్ని చూపించడానికి వెనకాడుతున్నాడంటే అతను సాంకేతికతకు సుముఖుడా, విముఖుడా? తయారీలో వాడకం, తరగతిలో వాడకం, పిల్లల చేతుల్లో వాడకం, ఈ మూడింటినీ మీ ప్రశ్నావళి విడదీసి అడిగితే తప్ప ఈ మనిషి మీ పట్టికలో కనిపించడు.

ప్రశ్నావళిని ఇలా తిరగరాయమని నా సూచన. సిలబస్ నుంచి పది పాఠాలు ఎంచుకోండి: గ్రాఫులు, వలయాలు, వక్రీభవనం, టైట్రేషన్, పదార్థ కణాల నమూనా, జీవకణ విభజన, గుండె, గ్రహణాలు, లోలకం, సూక్ష్మదర్శిని వాడకం, ఇలా. ఒక్కోదానికి నాలుగే ప్రశ్నలు పెట్టండి: పోయినసారి ఈ పాఠాన్ని దేనితో చెప్పారు, తెర వాడారా, వాడితే ఎన్ని నిమిషాలు, వాడకపోతే ఎందుకని. చివరి ప్రశ్నకు ఎంపికలు ఇవ్వకుండా రెండు గీతలు ఖాళీ వదలండి. ‘అసలు వస్తువే ఉంది’ అని రాసినవారినీ, ‘తాళం దొరకలేదు’ అని రాసినవారినీ, ‘ఒకసారి మధ్యలో ఆగిపోయింది’ అని రాసినవారినీ వేరువేరు కట్టలుగా పెట్టండి. మొదటి కట్టకు మందు అక్కరలేదు. రెండోదానికి మందు ప్రధానోపాధ్యాయుడి దగ్గర ఉంది. మూడో కట్టవారి దగ్గరికి ఒక తోడును పంపాలి. ఒక పాఠానికి, ఒక్క పీరియడ్, తనిఖీ లేకుండా, ఫొటోలు తీయకుండా, ఆగిపోతే ఏమి చేయాలో ముందే మాట్లాడుకుని, వెనక నిలబడి పరికరం చూసుకునే మనిషి చాలు. వీలైతే ఆ పీరియడ్ అయిపోయిన రోజు సాయంత్రమే మళ్లీ ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. వారం ఆగితే వారికి పాఠం గుర్తుండదు, మీ ముందు మర్యాదే గుర్తుంటుంది.

అందరికీ పంచే ముందు ముగ్గురు ఉపాధ్యాయుల ఎదుట కూర్చుని, ప్రతి ప్రశ్ననూ పైకి చదివించి, అది తమకు ఏమని అర్థమైందో వారి మాటల్లో చెప్పించుకోండి. ‘డిజిటల్ సాధనం’ అన్న మాట దగ్గర ఒకరు స్మార్ట్ బోర్డు అంటారు, ఒకరు తమ ఫోను అంటారు, మూడోవారు కాలిక్యులేటర్ కూడా లెక్కలోకి వస్తుందా అని అడుగుతారు. ఆ తేడాలు తీర్చాకే అచ్చుకు ఇవ్వండి.